నీలంగట్టు మీద అడ్డపొగ

జేగురురెక్క అనే చిమ్మటకి ఒక మొండితనం ఉంది. గొంగళిపురుగుగా ఉన్న రోజుల్లో తాను మేసిన చోట ఏ వాసన ఉండేదో, ఆ వాసన తగిలితేగానీ ఆడ చిమ్మట గుడ్డు పెట్టదు. మొక్క అదే అయినా సరే, గాలి తనకు తెలిసిన గాలి కాకపోతే కడుపునిండా గుడ్లతో ఆరు రోజులు తిరిగి తిరిగి చచ్చిపోతుంది. బోనులో పెట్టి బతిమాలినా అంతే. ఇంత పంతం ఉన్న ప్రాణి ఇన్ని వేల ఏళ్లు ఎలా నెట్టుకొచ్చిందో దానికే తెలియాలి.

చిమ్మట అనగానే దీపం చుట్టూ తిరిగే పురుగు గుర్తొస్తుంది. ఇది ఆ రకం కాదు. పగలు పదింటికి, ఎండ కాస్త కాక పట్టాక లేస్తుంది. ఒంటిగంటకల్లా పని ముగించుకుని రాళ్ల సందున దూరిపోతుంది. మా ఆఫీసులో చాలామంది వేళలూ అవే. ముందు రెక్కలు రాతి రంగు, వెనక రెక్కలు జేగురు పూసినట్టు ఎర్రగా ఉంటాయి. దుమ్మలకొండ కొసన తప్ప ఇంకెక్కడా లేదు. వేడి పెరిగేకొద్దీ అది మేసే పుల్లాకు మొక్క ఏటేటా కొండ పైకి జరిగింది. దాని వెనకే ఇదీ జరిగింది. కొండకి కొస అంటూ ఒకటి ఉంటుంది కదా, ఆ పైన జరగడానికి ఏమీ లేదు. నేను ఉద్యోగంలో చేరేసరికి పుల్లాకు మిగిలిన జాగా రెండు కబడ్డీ కోర్టులంత.

నలభై కిలోమీటర్ల అవతల నీలంగట్టు ఉంది. దీనికన్నా రెండు వందల మీటర్లు ఎత్తు, చల్లన, పుల్లాకు కావలసినంత. పట్టుకెళ్లి అక్కడ వదిలేస్తే సరిపోతుంది కదా అని బస్సులో పక్క సీటు ఆయన దగ్గర్నుంచి మా బావమరిది దాకా అందరూ నాకు సలహా ఇచ్చినవాళ్లే. సరిపోదు. మొండితనం సంగతి చెప్పాను.

ఆ మొండితనానికి విరుగుడు కనిపెట్టింది డాక్టర్ వింధ్యావళి. ఆవిడ మా పరిశోధనశాలకి పెద్ద. నిలబడి పెరుగన్నం తినే మనిషి, కూర్చుంటే కాలం పోతుందని. పదకొండేళ్లు ఈ ఒక్క పురుగు మీదే ఖర్చుపెట్టింది. ఆవిడ తయారుచేసిన మందుని ఆకు మీద చిలకరించి, గొంగళిపురుగుకి ఆఖరి దశలో ఆరు రోజులు తినిపిస్తే, దాని మెదడు మెత్తబడుతుంది. పాత వాసన చెరిగిపోయి, ఆ ఆరు రోజుల్లో తగిలిన వాసన ముద్ర పడుతుంది. తర్వాత ప్యూపాలో ఒళ్లంతా కరిగి జావై, కొత్త ఒళ్లు కట్టుకుంటుంది. ముద్ర మాత్రం పోదు. రెక్కలొచ్చాక అదే దానికి పుట్టిల్లు. మేం నీలంగట్టు గాలిని సిలిండర్లలో పట్టి తెచ్చి, అద్దాల గదిలోకి వదులుతూ, పురుగుల్ని మేపాం. దుమ్మలకొండ మీద ఆ వేసవిలో పుల్లాకు నిలువునా మాడిపోయింది. లోకంలో మిగిలిన జేగురురెక్కలన్నీ ఆ గదిలోనే ఉన్నాయి. మూడు వందల పదకొండు.

వాటిని మేపిన మనిషి అసిరమ్మ.

అసిరమ్మకి యాభై ఎనిమిదేళ్లు. కొండ దిగువ ఊరు. పదిహేనేళ్లు పట్టుపురుగుల కేంద్రంలో ఆకు వేసిన చెయ్యి. గొంగళిపురుగుని ఆకు మార్చేటప్పుడు మేం పట్టుకుంటే అది ముడుచుకుపోతుంది, ఆవిడ పట్టుకుంటే నడుచుకుంటూ వేలెక్కుతుంది. తొడుగుల రబ్బరు వాసన అంటుతుందని ఉత్త చేతుల్తోనే మేపాలన్నది మా నియమం. ఆవిడకి సబ్బు వద్దన్నాం, తలనూనె వద్దన్నాం, పూలు వద్దన్నాం, పౌడరు వద్దన్నాం.

"ఊపిరి పీల్చుకోవచ్చేటి బాబూ?" అని అడిగింది. అందరం నవ్వాం.

ఆవిడ ఊపిరి గురించి ఆలోచించాల్సిన సమయం అదే. ఎవరం ఆలోచించలేదు.

పనిలో చేరేవాళ్లందరికీ ఒక ఫారం ఉండేది. అందులో పదో ప్రశ్న, పొగ తాగుతారా అని. మగవాళ్లని అడిగి రాశాను. ఆడవాళ్ల ఫారాల్లో నేనే 'వర్తించదు' అని కొట్టుకుంటూ పోయాను. నాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. మా వైపు పెద్దవయసు ఆడవాళ్లు చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లోకి తిప్పుకుని కాలుస్తారు. దాన్ని అడ్డపొగ అంటారు. బయటికి నిప్పు కనపడదు, పొగా పెద్దగా కనపడదు. నాకిది తెలియదా? మా మామ్మ ఒళ్లో పెరిగినవాణ్ణి. కానీ చదువుకుని ఉద్యోగం చేస్తున్న మగవాడు ఒక పెద్దావిణ్ణి పట్టుకుని చుట్ట కాలుస్తావా అని ఎలా అడుగుతాడు? సిగ్గేసింది. సిగ్గు పడ్డానని కూడా అప్పుడు అనుకోలేదు, మర్యాద అనుకున్నాను.

*

అక్టోబరు మొదటి వారంలో తొలి విడత నూట నలభై చిమ్మటలు రెక్కలు విప్పాయి. జీపులో నీలంగట్టు అడుగుకి వెళ్లి, బోనులు భుజాన వేసుకుని మూడు గంటలు ఎక్కాం. అసిరమ్మ రెండు బోనులు తలమీద పెట్టుకుని మాకన్నా ముందు ఎక్కేసింది.

వాటిని వదిలిన మొదటి గంట పండగలా ఉంది. పుల్లాకు మీదుగా ఎర్రగా ఎగిరాయి. వింధ్యావళి దూరదర్శిని కళ్లకి ఆనించుకుని నిలబడిపోయింది, ఆ రోజు పెరుగన్నం కూడా తినలేదు. రెండో రోజుకి ఆడవి మొక్కల మీద వాలడం మానేశాయి. మూడో రోజుకి లోయ వైపు దారి తప్పిపోవడం మొదలుపెట్టాయి. ఒక్క గుడ్డు లేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం అసిరమ్మ భోజనం చేసి, మాకు దూరంగా ఒక బండ చాటున కూర్చుంది. కాసేపటికి కేకేసింది.

"బాబూ! భానోజీ బాబూ! ఇలగొచ్చి సూడు, ఈటికేటయ్యిందో!"

వెళ్లి చూస్తే ఆవిడ భుజం మీద, కొంగు మీద, పక్కనున్న గుడ్డసంచి మీద జేగురురెక్కలు. పదో పన్నెండో. సంచి అంచు వెంబడి గసగసాలు అతికించినట్టు గుడ్లు పెడుతున్నాయి. అసిరమ్మ పెదాల మధ్య అంగుళం చుట్ట వెలుపలికి కనపడుతోంది. నన్ను చూసి కొంచెం సిగ్గుపడి, తీసి చేతిలో దాచుకుంది. ఒక చిమ్మట ఆ పిడికిలి మీద వాలింది.

"నా మీద మనసైనట్టుంది," అంది నవ్వుతూ.

నా వెనకే వచ్చిన వింధ్యావళి నవ్వలేదు. ఆవిడ నన్ను చూసింది. "గదిలో గాలి రోజూ పరీక్షించింది నువ్వు కాదూ?" అంది.

నేనే. యంత్రం రోజూ ఒక చిన్న అదనపు గీత చూపించేది. ప్రతి నమూనాలోనూ ఉంది కాబట్టి అది గది వాసనే అయి ఉంటుందని నేనే కొట్టేశాను. యంత్రం సంగతి సరే, నా ముక్కు ఏమైంది? ఆరు రోజులూ ఆ గదిలో నిలబడ్డాను. పొగాకు, ఉమ్మి, కాలిన ఆకు, పసుపు కలిసిన ఆ వాసన అక్కడ ఉంది. నాకు తగల్లేదు. తగలకేం, తగిలింది. కాకపోతే అది నాకు వాసనలా అనిపించలేదు. ఆ గదిలోకి వెళ్తే ఎందుకో ప్రాణం కుదుటపడేది, అంతే. మా మామ్మ ఒడి వాసన అదే.

పురుగులకి పడ్డ ముద్రే నాకూ నలభై ఏళ్ల కిందట పడింది. ఇంతకన్నా ఎక్కువ వివరణ నేను నివేదికలో రాయలేకపోయాను.

*

తొలి విడత పోయింది. సంచి మీది గుడ్లని ఊడదీయబోతే పగిలిపోయాయి. మిగిలినవి నూట డెబ్బై ఒక్క ప్యూపాలు. నవంబరు పదకొండు నుంచి ఇరవై లోపల విచ్చుకుంటాయి. అదే ఆఖరి విడత.

వింధ్యావళి ఓడిపోయే మనిషి కాదు. చుట్టలు తెప్పించి యంత్రంతో కాల్పించింది. పొగాకు కషాయం కాచి మొక్కల మీద చల్లించింది. దిగువ ఊళ్ల నుంచి అడ్డపొగ తాగే ముగ్గురు ముసలమ్మల్ని పిలిపించి, తొలి విడతలో ఆలస్యంగా విచ్చుకుని బోనులోనే ఉండిపోయిన పది ఆడ చిమ్మటల ముందు కూర్చోబెట్టింది. ఆ ముసలమ్మలకి ఆ వారం కులాసాగా గడిచింది. చిమ్మటలు దగ్గరికొచ్చి, ఒక చుట్టు తిరిగి, వెళ్లిపోయాయి. ఆ వాసన చుట్టది కాదు. నిప్పు వేడికి అసిరమ్మ నోట్లో తయారైన వాసన. ఇంకో నోట్లో తయారు కాదు.

ఈలోగా అసిరమ్మ పనిలోకి రావడం మానేసింది. వారం తర్వాత కబురు తెలిసింది. కూతురు నూకరత్నం అంగన్‌వాడీ టీచరు. తల్లి అంగిట్లో తెల్లటి మచ్చ చూసి విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. ముక్క తీసి పరీక్షించారు. మచ్చ ముదిరింది. ఆ రోజు నుంచే చుట్ట మానాలన్నారు. నవంబరు పన్నెండున ఆపరేషన్.

వింధ్యావళి నన్ను గదిలోకి పిలిచి తలుపేసింది. తిప్పి తిప్పి మాట్లాడటం ఆవిడకి రాదు.

"ఆపరేషన్ పది రోజులు వెనక్కి జరుపుకుని, కొండెక్కి చుట్ట కాల్చమని అడగాలి. ఇది అడగకూడని మాట. నాకు తెలుసు. అడక్కపోతే పదకొండేళ్లూ, పురుగూ పోతాయి. నువ్వడుగుతావా, నన్నడగమంటావా?"

"నేనే వెళ్తాను," అన్నాను.

*

అసిరమ్మ ఇల్లు కొత్తగా సున్నం వేసి ఉంది. పక్క గుడ్డలన్నీ ఉడకబెట్టి దండెం మీద ఆరేసి ఉన్నాయి. నూకరత్నం చెయ్యని శుభ్రం లేదు.

"ఆ గుడ్డసంచి ఉందామ్మా?" అని అడిగాను. సగం కాల్చిన చుట్టలు ఆవిడ దాచుకునేది అందులోనే. అది దొరికితే మాట్లాడకుండా పట్టుకుపోదామని నా ఆశ.

"కాల్చీసినాను సార్. సుట్టలూ, ఆ సంచీ, పాత దుప్పటీ అన్నీ," అంది నూకరత్నం.

అసిరమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. చేతులు ఊరికే ఒళ్లో ఉన్నాయి. నాకు టీ ఇచ్చారు. గ్లాసు మళ్లీ మళ్లీ ఎత్తాను, దించాను. ఏ మాటతో మొదలుపెట్టాలో తోచలేదు.

"పిల్లలెలగున్నాయి బాబూ?" అని ఆవిడే అడిగింది. పురుగుల్ని ఆవిడ అలాగే అనేది.

చెప్పాను. ముసలమ్మల సంగతి, యంత్రం సంగతి, మిగిలిన నూట డెబ్బై ఒకటి, పదకొండో తేదీ. అన్నీ నిజాలే చెప్పాను. కొండెక్కమని అడగలేదు. అడగాల్సిన పని లేకుండా చెప్పాను. ఈ రెంటికీ తేడా ఉందని ఏడాదిపాటు నమ్మాను.

అసిరమ్మ దండెం వైపు చూసింది. "అయితే నా సేత్తో మేపినందుకే ఆటికీ గతి పట్టిందన్నమాట."

"మీ తప్పేం లేదు. ఫారంలో నేను..."

"తప్పు మాట కాదు బాబూ. నా దగ్గిర మేత తిన్నాయి. నా కోసం ఎతుక్కుంటన్నాయి. నేనిక్కడ అరుగెక్కి కూకుంటే ఎలగ?"

నూకరత్నం చేతిలో బట్ట కింద పడేసింది. "అమ్మా! డాక్టరేటి సెప్పినాడు? పన్నెండున రమ్మన్నాడు. పురుగుల కోసం ఆపుతావా? నోరు పోద్ది, ప్రాణం పోద్ది!"

"పది దినాల్లో ఏటైపోద్దే? ముప్ఫై ఏళ్లు తాగినాను."

నూకరత్నం నా వైపు తిరిగింది. "సార్, మీ అమ్మగారైతే తీసుకెళ్తారా?"

మా మామ్మ నేను తొమ్మిదో ఏట ఉండగా పోయింది. నోటిపుండు అన్నారు మా ఊళ్లో. చివరి నెల గంజి తప్ప దిగలేదు. నూకరత్నానికి ఆ మాట చెప్పి ఉండాల్సింది. తెలిసినవాణ్ణి, చూసినవాణ్ణి, నేను కాదంటే అసిరమ్మ ఆగేదేమో. నేను టీ గ్లాసు మళ్లీ ఎత్తాను. చల్లారిపోయింది.

*

పదకొండో తేదీ నుంచి పందొమ్మిది దాకా, తొమ్మిది రోజులు, అసిరమ్మ నీలంగట్టు మీద ఉంది. అడవి శాఖ వాళ్ల పాక ఒకటి ఉంటే అందులో మకాం. నూకరత్నం తల్లితో మాట్లాడలేదు, కానీ వెంట వచ్చింది, వండి పెట్టింది.

రోజూ పదింటికి అసిరమ్మ పుల్లాకు మధ్యలో కూర్చునేది. కొండ మీద గాలికి అగ్గిపుల్ల నిలవదు. దోసిలి అడ్డం పెట్టి వెలిగించింది నేనే. ఆవిడ రెండు దమ్ములు లాగి, నిప్పు కొసని నోట్లోకి తిప్పుకుని, పెదాలు మూసేది. కాసేపటికి తీసి, ఆకుల మీదికి వంగి ఊదేది. ఒక్కో మొక్కకి ఒక్కో ఊపిరి. చిమ్మటలు వచ్చేవి. మొదట రెండు, తర్వాత పది, మూడో రోజుకి ఆవిడ తల చుట్టూ ఎరుపు. ఆవిడ ఊదిన ఆకు మీద వాలి గుడ్లు పెట్టేవి. ఇంకో గుత్తి దగ్గరికి జరిగి మళ్లీ కూర్చునేది. రోజుకి ఆరు చుట్టలు. ఐదో రోజు నుంచి నొప్పి మొదలైంది. దవడ పట్టుకుని ఊదింది.

ఆ రోజు వింధ్యావళి, "చాలు, దిగిపోదాం," అంది. నిజంగానే అంది. అప్పటికి సగం చిమ్మటలు ఇంకా గూళ్లలోనే ఉన్నాయి.

"ఇంకా రానోళ్లున్నారు కదా మేడంగోరూ," అంది అసిరమ్మ.

నేను అగ్గిపెట్టె తీశాను. ఎవరూ తియ్యమనలేదు.

ఎనభై మూడు ఆడ చిమ్మటలు ఆరు వేల పైచిలుకు గుడ్లు పెట్టాయి. ఇరవై ఒకటో తేదీన ఆసుపత్రిలో అసిరమ్మ అంగిలి చాలావరకు తీసేశారు. ముందు అనుకున్నదానికన్నా ఎక్కువే తియ్యాల్సి వచ్చింది. ఆ తొమ్మిది రోజుల వల్లేనా అని డాక్టర్ని అడిగాను. చెప్పలేం అన్నాడు. ఇంకోసారి అడిగితే విసుక్కున్నాడు.

మా పరిశోధన పత్రం మంచి పేరున్న పత్రికలో వచ్చింది. అందులో అసిరమ్మ 'సహజ వాసన మూలం' అయింది. చివర కృతజ్ఞతల్లో పేరు కూడా ఉంది, అక్షరం తప్పుతో.

*

మరుసటి అక్టోబరులో అసిరమ్మ నీలంగట్టు చూస్తానంది. నూకరత్నం ఒద్దనలేదు. మూడు గంటల దారి ఆరు గంటలైంది. ముందు రోజే ఎక్కి, పాకలో పడుకుని, పొద్దున్న పుల్లాకు దగ్గరికి వెళ్లాం. ఆవిడకి అంగిట్లో పలక బిగించారు. మాట ముక్కుతో వస్తుంది. కూరకీ చారుకీ తేడా తెలియడం లేదని నూకరత్నం దారిలో చెప్పింది.

పదింటికి ఎండ కాక పట్టింది. రాళ్ల సందుల్లోంచి లేచాయి. వంద కాదు, రెండు వందలు కాదు. ఆ ఏటి లెక్క పదిహేను వందలు దాటింది. ఆకుల మీద ఆవిడ ఊపిరి వారంలోనే ఆరిపోయింది. గుడ్లు పగిలి బయటికొచ్చిన పిల్లలకి ఆ కొండ గాలే తగిలింది, ఆ కొండే ముద్ర పడింది. మేం కోరుకున్నది అదే.

అసిరమ్మ పాత చోటే కూర్చుంది. చేతులు చాచింది. చిమ్మటలు ఆవిడ మీదుగా, పక్కగా, ఒట్టి బండని దాటినట్టు దాటిపోయాయి. అరగంట చూసింది. ఒక్కటీ వాలలేదు.

"మరిసిపోనాయి బాబూ," అంది.

"ఇవి వాటి పిల్లలమ్మా. వీటికి మీరెవరో తెలీదు."

"మంచిదేలే. ఇప్పుడు నా కాడ ఆ పొగ నేదు కదా. ఇంకా ఎతుక్కుంటా తిరిగితే పాపం."

ఎప్పటి నుంచో గొంతులో ఉన్న మాట అప్పుడు బయటికొచ్చింది. "ఆ రోజు మీ ఇంటికి నేను అడగడానికే వచ్చాను. అడగలేదని చెప్పుకు తిరుగుతున్నాను గానీ, అందుకే వచ్చాను."

"నాకు తెల్దేటి?" అంది అసిరమ్మ. "టీ గ్లాసు మూడుసార్లు ఎత్తి దించీసినావు. పాపం, ఎంతసేపని నలుగుతావని నేనే పిల్లల మాట ఎత్తినాను."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ చూడనట్టు చిమ్మటల వైపు తిరిగింది. పక్కన బండ మీద చోటుంటే వెళ్లి కూర్చున్నాను. ఆవిడ దగ్గర ఆసుపత్రి సబ్బు వాసన వచ్చింది, ఉతికిన చీర వాసన వచ్చింది. ఇంకొంచెం దగ్గరికి జరిగాను. ఆ కొండ మీద అన్నేసి ప్రాణులున్నాయి. పాత వాసన కోసం వెతుక్కుంటున్నది నేనొక్కణ్ణే.